దెబ్బతిన్న చేపల తొట్టి: నీళ్లు పోయాలా, వద్దా?

“కారడం లేదు కదండీ, వాడుకోవచ్చా?”

ఇల్లు మారేటప్పుడు మూల తగిలిందనో, పిల్లల బంతి తగిలిందనో, పాత తొట్టి సగం ధరకే దొరికిందనో అద్దాల షాపుకు వెళ్లినవాళ్లు మొదట అడిగే మాట ఇది. కారడం ఒక సంగతి, పగలడం ఇంకో సంగతి. కారే తొట్టి గచ్చు తడుపుతుంది, కింది ఫ్లాటువాళ్ల సీలింగుకు చెమ్మ పట్టిస్తుంది. దాన్ని చాలావరకు బాగుచేసుకోవచ్చు. చుక్కైనా కారకుండా, అద్దంలో వెంట్రుకంత బీటతో నిలబడ్డ తొట్టి మాత్రం ఏ రాత్రి విచ్చుకుంటుందో ఎవరూ చెప్పలేరు. అందుకని ముందు అడగవలసింది దెబ్బ ఎక్కడ తగిలింది, అక్కడ నీటి ఒత్తిడి ఎంత ఉంటుంది అని. కారుతోందా లేదా అన్నది ఆ తర్వాత.

నీటి బలం ఎంత?

నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉన్న తొట్టి మన ఇళ్లలో, క్లినిక్కుల్లో, హోటళ్లలో మామూలే. అందులో సుమారు 255 లీటర్లు పడతాయి. అద్దాలు, గులకరాళ్లు కలిపితే బరువు 300 కిలోలు దాటుతుంది. మన కృష్ణా డెల్టా రైతు లెక్కలో 75 కిలోల ధాన్యం బస్తాలు నాలుగు. ఆ నీరు ముందు అద్దం ఒక్కదాన్నే సుమారు 125 కిలోల బలంతో బయటికి నెడుతుంది. రెండడుగుల పొడవు, అడుగు ఎత్తు ఉన్న చిన్న తొట్టిలో ఇదే బలం 28 కిలోలు.

ఒత్తిడి నీటి ఎత్తును బట్టి పెరుగుతుంది. ఎత్తు సగానికి తగ్గిస్తే ముందు అద్దం మీద బలం నాలుగో వంతుకు పడిపోతుంది. పైన చెప్పిన పెద్ద తొట్టిలో తొమ్మిది అంగుళాల నీళ్లే ఉంచితే 125 కిలోలు 32కు దిగుతాయి. అనుమానం వచ్చిన క్షణాన మొదట చేయవలసిన పని ఇందులోనే ఉంది: నీళ్లు సగానికి తీసేయండి, తర్వాత ఆలోచించండి. నిండా నీళ్లున్న తొట్టిని వేలితో కొట్టి శబ్దం వినడం, బీట మీద నొక్కి చూడడం చేయకండి.

గీతా, పెచ్చా, బీటా?

తొట్టి పూర్తిగా ఖాళీ చేసి, ఆరబెట్టి, రాత్రిపూట గదిలో లైటు తీసేసి టార్చి వెలుగు అద్దం మీద ఏటవాలుగా వేయండి. పగటి వెలుతురులో కనపడనివి అప్పుడు మెరుస్తాయి. ఆ మెరిసిన గీత మీద అడ్డంగా గోరు గీయండి. గోరు జారిపోతే పైపై గీత, భయం లేదు. గోరు తట్టుకుంటే లోతు గీత. అద్దం మందంలో లోపలికి దిగి, తల తిప్పినప్పుడు ఒక పక్క నుంచి అద్దంలా మెరిసే గీతైతే అది బీట.

గాజు నొక్కుడుకు బాగా ఓర్చుకుంటుంది, సాగదీస్తే తట్టుకోలేదు. నీరు బయటికి నెట్టినప్పుడు అద్దం నడుము దగ్గర కంటికి కనపడనంతగా బయటికి ఉబ్బుతుంది. అప్పుడు అద్దం బయటి ముఖం సాగుతుంది, లోపలి ముఖం నొక్కుకుంటుంది. అందువల్ల మధ్యభాగంలో బయటివైపు పడ్డ లోతు గీత, లోపలివైపు పడ్డ అదే గీత కంటే ప్రమాదం. నాచు గీకే అయస్కాంతం కింద ఇసుక రేణువు ఇరుక్కుని లోపల పడే గీతలకు జనం బెంబేలెత్తుతారు. సామాను తోస్తున్నప్పుడు బీరువా మూల బయటివైపు చేసిన గాటును పట్టించుకోరు. చూడవలసింది ఆ గాటునే. పైఅంచు సరిగ్గా మధ్యలో లేచిన పెచ్చు కూడా అలాంటిదే. ఫ్రేము లేని తొట్టిలో పై అంచుకు ఆనుడు ఉండదు, ఉబ్బు ఎక్కువగా ఉండేది అక్కడే.

గాజు మీద చిన్న గాయం అంత పని ఎందుకు చేస్తుందో ఇంగ్లాండులోని ఫార్న్‌బరోలో పనిచేసిన ఇంజనీరు గ్రిఫిత్ 1921లో అచ్చయిన పరిశోధనలో లెక్క కట్టి చూపించాడు. బీట నాలుగింతలు పొడవైతే అద్దం తట్టుకునే బలం సగమవుతుంది. దీనికి తోడు బీట కొసకు తడి చేరితే, ఒత్తిడి ఉన్నంతకాలం ఆ బీట మెల్లగా ముందుకు పాకుతూనే ఉంటుంది. వారం నిలబడ్డ తొట్టి మూడో నెలలో పగలడానికి కారణం ఇదే. తొట్టి కట్టేవాళ్లు అద్దం మందాన్ని 3.8 భద్రతా గుణకంతో ఎంచుకోవడం ఆనవాయితీ, అంటే అవసరమైన బలానికి దాదాపు నాలుగింతలు. లోతు గాటు తినేది ఆ మిగులునే. ఇక బీట సంగతి చెప్పాలా?

కాబట్టి నా తీర్పు ఇది. ముందు, వెనక, పక్క అద్దాల్లో ఎక్కడ బీట ఉన్నా, అంగుళమే ఉన్నా, ఆ తొట్టిలో నీళ్లు పోయకూడదు. అడుగు అద్దంలో బీట ఉన్నా పోయకూడదు. మూలలో మొదలై జాయింటు కిందికి దూరిన పెచ్చు, సిలికాన్ కింద ఎంత దూరం వెళ్లిందో బయటి నుంచి తెలియదు గనక దాన్నీ బీటగానే లెక్కపెట్టండి. పైఅంచు చివరలో, జాయింటుకు దూరంగా, గోరంత పెచ్చు ఊడి, దాని నుంచి ఏ గీతా బయల్దేరకపోతే నీటి పరీక్ష చేసి వాడుకోవచ్చు.

కొన్ని తొట్లకు అడుగున టఫెన్డ్ గ్లాస్ వేస్తారు. దాని అంచుకు దెబ్బ తగిలితే బీటతో ఆగదు, ఒక్కసారిగా పంచదార పలుకుల్లా రాలుతుంది. దానికి రంధ్రం వేయించకండి, కోయించకండి. పోలరైజ్డ్ చలువ కళ్లద్దాలు పెట్టుకుని, అద్దం వెనక ఎల్‌సీడీ కంప్యూటర్ తెర తెల్లగా వెలిగించి చూస్తే టఫెన్డ్ అద్దంలో మచ్చలు, చారలు కనిపిస్తాయి. మామూలు అద్దంలో కనపడవు.

జాయింట్లు

రెండు అద్దాల మధ్య పలచగా ఉండే సిలికాన్ పొర తొట్టిని పట్టి ఉంచుతుంది. మూలల్లో లోపల కనిపించే లావు సిలికాన్ కట్ట నీళ్లు పోకుండా ఆపుతుంది. లోపలి కట్ట అంచు లేస్తే చేయించుకోవచ్చు. మధ్య పొరలో కొత్తగా బుడగలు పుట్టి, లోపలి నుంచి బయటిదాకా దారిలా కలుస్తుంటే మాత్రం తొట్టిని మొత్తం విప్పి కట్టించాలి. తయారీనాటి నుంచి ఉన్న ఒకటి రెండు చిన్న బుడగలకు కంగారు అక్కర్లేదు.

మన డెల్టాలో ఒక సౌకర్యం ఉంది, అది నీటి ఉప్పదనం. బందరు, నాగాయలంక, అవనిగడ్డ వైపు బోరు నీళ్లు వాడిన తొట్టిలో సన్నటి ఊట ఉంటే, నీరు ఆరిపోయినా జాయింటు బయట తెల్లటి చార మిగులుతుంది. పాత తొట్టి కొనేటప్పుడు అమ్మేవాళ్లు ఎంత తుడిచినా కింది అంచు చుట్టూ వేలు తిప్పి చూడండి. గరగరలాడే తెల్లపొక్కు చేతికి తగిలితే అక్కడ ఊట ఉంది. బేరం ఆపి, జాయింటు చేయించే ఖర్చు లెక్క వేసుకున్నాకే ధర మాట్లాడండి.

పొడవాటి తొట్లకు పైన మధ్యలో అతికించే అడ్డబద్దె ఊడిపోతే చాలామంది తీసి పక్కన పెట్టేస్తారు. అది అలంకారం కోసం పెట్టింది కాదు. అది లేనప్పుడు ముందు వెనక అద్దాల ఉబ్బు బాగా పెరుగుతుంది. అడ్డబద్దె మళ్లీ అతికించి, ఆరేదాకా నీళ్లు పోయకండి.

వరద చూసిన తొట్టి, వరద చూసిన స్టాండు

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు విజయవాడను ముంచెత్తినప్పుడు సింగ్‌నగర్, పాయకాపురం వైపు ఇళ్లలో రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. అలాంటి వరదలో నీళ్లున్న తొట్టికి ఒక రకంగా కష్టం తక్కువ, లోపలా బయటా నీరు ఒకదాన్నొకటి ఆపుకుంటాయి. ఖాళీ తొట్టి పడవలా తేలి, గోడకూ బీరువాకూ కొట్టుకుంటుంది. మూలలు పోయేది అప్పుడే. వరదలో తేలిన తొట్టిని కడిగి తళతళలాడించగానే సరిపోదు, నాలుగు మూలలూ టార్చితో చూడాలి.

అసలు ప్రమాదం తరచుగా తొట్టి కింద ఉంటుంది. పార్టికిల్ బోర్డు, ఎండీఎఫ్ చెక్కతో చేసిన స్టాండు ఒక్కసారి నానితే ఉబ్బుతుంది. ఆరాక చూడటానికి బాగానే ఉన్నా పట్టు పోతుంది. 300 కిలోలు దాని మీద మళ్లీ పెట్టకండి. పైన రంగు వేసి సరిపెట్టకండి. ఇనుప స్టాండైతే కాళ్ల అడుగు, వెల్డింగు అతుకులు సుత్తితో తట్టి చూడండి. పెళ్లలు రాలితే తుప్పు లోపలికి తిన్నట్టే. స్టాండు మీద తాపీమేస్త్రి రసమట్టం నాలుగు వైపులా పెట్టండి. ఒక కాలు పొట్టిగా ఉన్నా తొట్టి మెలికపడి, బాగున్న జాయింటు మీద కూడా బలం పడుతుంది. ఫ్రేము లేని తొట్టి అడుగు అద్దం కింద అర అంగుళం థర్మాకోల్ పరవండి, ఇసుక రేణువు ఒక్కటి కూడా ఉండకూడదు. అంచుల మీద నిలబడే ప్లాస్టిక్ ఫ్రేము తొట్టికి మాత్రం థర్మాకోల్ వద్దు, ఫ్రేము అంచులు అందులో దిగబడి, అది అడుగు అద్దాన్ని పైకి నెడుతుంది.

వరదనీరు తాగిన స్పాంజి, గులకరాళ్లు, గాలి మోటారు, అడాప్టరు తిరిగి వాడకండి. తొట్టిని బ్లీచింగ్ నీళ్లతో కడిగి, వాసన పోయేదాకా మంచినీళ్లతో పదే పదే తొలిపితే చాలు.

నీటి పరీక్ష

పైన చెప్పినవన్నీ దాటిన తొట్టికే ఈ పరీక్ష. బీట ఉన్న తొట్టికి పరీక్ష పెట్టకండి, అందులో గెలిచినా దానికి విలువ లేదు.

ఇంట్లో వద్దు, డాబా మీద మండుటెండలో అసలే వద్దు. రోహిణి కార్తె ఎండలో కాలిన అద్దం మీద చల్లటి బోరు నీళ్లు పడితే మంచి అద్దమైనా చిట్లవచ్చు. నీడలో, నేల చదునుగా ఉన్న వరండాలోనో, అపార్ట్‌మెంటు సెల్లారులో వాచ్‌మన్‌కు చెప్పో పెట్టండి. ఫ్రేము లేని తొట్టైతే కింద థర్మాకోల్, ఏ తొట్టికైనా చుట్టూ పొడి న్యూస్‌పేపర్. నాలుగో వంతు నింపి గంట ఆగండి. సగం, ముప్పావు, నిండు, ప్రతిసారీ గంట. పొడి టిష్యూ కాగితాన్ని కింది జాయింట్ల వెంబడి మెల్లగా నడిపించండి. మచ్చంత తడి తగిలినా తెలిసిపోతుంది. ఖాళీగా ఉన్నప్పుడు పైఅంచు మధ్యలో ముందు అద్దానికీ వెనక అద్దానికీ మధ్య దూరం టేపుతో కొలిచి రాసుకోండి, నిండాక మళ్లీ కొలవండి. మరుసటి రోజు ఆ దూరం ఇంకా పెరిగి ఉంటే తొట్టి సాగుతోందన్నమాట, ఖాళీ చేసేయండి. ఏమీ తేడా లేకపోతే మూడు రోజులు అలాగే ఉంచండి. ఆ మూడు రోజులూ పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి, మీరూ చెప్పులు కాకుండా బూట్లు వేసుకునే దగ్గరికెళ్లండి.

పరీక్ష నెగ్గిన తొట్టినైనా మంచం పక్కన, ఉయ్యాల పక్కన, స్విచ్ బోర్డు పైన పెట్టకండి. 2022 డిసెంబరు 16న బెర్లిన్‌లోని ఒక హోటల్లో అక్వాడోమ్ అనే భారీ గొట్టం లాంటి అక్వేరియం తెల్లవారుజామున ఒక్కసారిగా బద్దలైంది. పది లక్షల లీటర్ల నీళ్లు లాబీలోంచి వీధిలోకి దూకాయి, సుమారు 1,500 చేపల్లో దాదాపు అన్నీ చనిపోయాయి, ఇద్దరు గాయపడ్డారు. అది గాజు కాదు, యాక్రిలిక్. నిపుణులు కట్టి, నిపుణులు చూసుకున్నదే. ఆ వేళకి లాబీలో జనం లేకపోవడం వల్లే అంతటితో పోయింది. మన హాల్లో సోఫా ఎక్కడ వేస్తున్నామో, తాతగారి పడక ఎక్కడ ఉందో చూసుకోవడానికి ఆ ఒక్క సంగతి చాలు.

అర్ధరాత్రి చెమ్మ కనపడితే

ముందు మెయిన్ ఆపేయండి. నీళ్లలో అడుగుపెట్టి ప్లగ్గు పీకడానికి వెళ్లకండి. ఫిల్టరు, లైటు, హీటరు వైర్లు గోడలోకి వెళ్లేముందు ప్లగ్గు కంటే కిందికి ఒక వంపు వేలాడేలా ముందే అమర్చుకుంటే కారిన నీరు ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. తొట్టి ఉన్న ఇంట్లో, కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ తప్పక పెట్టించండి. తొట్టికి ఇంతకంటే మంచి ఖర్చు లేదు. మన దగ్గర హీటరు పని డిసెంబరు, జనవరుల్లోనే, కానీ నీళ్లు తగ్గి హీటరు గాజు బయటపడినప్పుడు కరెంటు ఉండకూడదు.

బీట మీద గుడ్డ పెట్టి చేత్తో అదమకండి. ఆ అద్దం విరిగితే మామూలు గాజు కత్తుల్లా పొడవాటి ముక్కలుగా వస్తుంది. పైపుతో నీళ్లు లాగండి. చేపల్ని అదే తొట్టి నీళ్లతో పెద్ద టబ్బులోకి మార్చండి, సబ్బుపొడి, ఫినాయిలు తగిలిన బకెట్టు వద్దు. కుళాయి నీళ్లు కలపవలసి వస్తే క్లోరిన్ పోయేదాకా ఒక రోజు నిల్వ ఉంచినవి పోయండి.

అతుకుల సంగతి

ఎం-సీల్, ఫెవిక్విక్, ఎరాల్డైట్, సెలోటేపు: ఇవేవీ బీటపడ్డ అద్దానికి పోయిన బలాన్ని తెచ్చిపెట్టవు. కారడం ఆపి, భయం మరిచిపోయేలా చేస్తాయి, అందుకే వాటితో ముప్పు ఎక్కువ. బీట మీద చిన్న గాజుముక్క సిలికాన్‌తో అతికించడమూ అంతే. అద్దం మార్పించండి. మార్చేటప్పుడు మందం తగ్గించనివ్వకండి: అడుగు ఎత్తు చిన్న తొట్టికి 5, 6 ఎంఎం, నాలుగడుగుల పొడవు అడుగున్నర ఎత్తుకు 10 ఎంఎం, రెండడుగుల ఎత్తుకు 12 ఎంఎం అడగండి.

జాయింటు బాగుచేయిస్తుంటే పాత సిలికాన్ మీద కొత్తది పూయనివ్వకండి. ఆరిన సిలికాన్‌కు కొత్త సిలికాన్ సరిగా అంటుకోదు. లోపలి కట్ట మొత్తం బ్లేడుతో తీసేసి, అసిటోన్‌తో తుడిచి, ఆరాక ఒకేసారి కొత్తది వేయాలి. బాత్‌రూముల కోసం బూజు పట్టకుండా మందు కలిపిన రకాన్ని షాపులో ‘అన్నిటికీ ఇదే’ అంటూ చేతిలో పెడతారు, ఆ మందు చేపల్ని చంపుతుంది. వందశాతం సిలికాన్, అక్వేరియంకు పనికొస్తుందని ట్యూబు మీద అచ్చు ఉన్నదే తీసుకోండి. ఆరేటప్పుడు వెనిగర్ వాసన వస్తుంది. అది పైనుంచి లోపలికి రోజుకు రెండు మూడు మిల్లీమీటర్ల చొప్పున గట్టిపడుతుంది. పైన చేయి పెడితే అంటుకోవడం లేదు కదా అని మర్నాడే నీళ్లు పోయకండి. వారం ఆగండి, వాసన పూర్తిగా పోవాలి.

తొట్టి తీసేయవలసి వస్తే

చేపల్ని బందరు కాలువలోనో, ఏలూరు కాలువలోనో, రైవస్ కాలువలోనో వదలకండి. అది పుణ్యం కాదు. తొట్టి అద్దాలకు అంటుకుని నాచు తినే సక్కర్ ఫిష్ దక్షిణ అమెరికాది. ఎవరో వదిలేస్తే మన నీళ్లలో స్థిరపడి, వలలు చింపుతూ, మన చేపల మేతకు పోటీ వస్తోంది. జాలర్లు దాన్ని దెయ్యం చేప అంటున్నారు. చేపల్ని మళ్లీ షాపుకే ఇవ్వండి, లేదా తొట్టి ఉన్న తెలిసినవాళ్లకు ఇవ్వండి.

ఒక్క అద్దమే పోయిన తొట్టిని నీళ్లు లేకుండా మొక్కలు పెంచుకోవడానికి వాడుకోవచ్చు, బీట మీద వెడల్పాటి టేపు వేసి, పిల్లలకు అందకుండా. అమ్మేస్తే మాత్రం కొనేవాళ్లకు బీట చూపించి, నీళ్లకు పనికిరాదని చెప్పి అమ్మండి. పగిలిపోయిన అద్దాలను చెత్తకవర్లో దూర్చి గుమ్మం బయట పెట్టకండి. మందపాటి న్యూస్‌పేపర్లలో చుట్టి, అట్టపెట్టెలో పెట్టి, మీద ‘గాజు’ అని పెద్ద అక్షరాలతో రాయండి. పొద్దున చెత్తబండి వచ్చినప్పుడు ఆ పెట్టెను కార్మికుల చేతికే ఇచ్చి, లోపల పగిలిన అద్దాలున్నాయని నోటితో కూడా చెప్పండి.